భీమిలి సంగమం నుంచి బొర్రా దాకా: గోస్తనీ లోయ వెంట సైకిలు దారి ఏది?

తీరపు_చక్రం
ఈ శీతాకాలంలో మా తమ్ముడూ నేనూ భీమునిపట్నంలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట బయలుదేరి, నది వచ్చే దిక్కుకు ఎదురుగా సాగి, అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర ప్రయాణం ముగించాలని అనుకుంటున్నాము. నది మొత్తం పొడవు సుమారు 120 కిలోమీటర్లే కనుక అది మా శక్తికి మించినది కాదు. ఇబ్బంది అంతా దారితోనే వచ్చింది. ఫోనులోని మ్యాపును ఎన్ని విధాలుగా అడిగినా అది మమ్మల్ని నేరుగా పెద్ద రోడ్డు ఎక్కించి, లారీల మధ్య నుంచి శృంగవరపుకోట చేరుస్తున్నది. ఇదివరకు వెళ్లి వచ్చినవారి రాతలు చదివితే వాటిలో ఘాట్ రోడ్డు మలుపులూ, వ్యూ పాయింట్ల ఫొటోలూ ఉన్నాయి గాని నది ఊసే లేదు. తగరపువలస నుంచి కొండ మొదలు వరకు నదికి దగ్గరగా, సైకిలు పోగలిగే పల్లె దారి ఎలా ఉంటుందో తెలిసినవారు ఊరి పేర్లతో సహా చెప్పగలరా?

సీతమ్మధార_పెడల్
విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, శృంగవరపుకోట దానికి ఇంచుమించు సగం దూరంలో ఉంటుంది. చాలామంది తెల్లవారుజామున పెందుర్తి, కొత్తవలస మీదుగా కోట చేరుకుని, ఎండ ముదరక ముందే ఘాట్ ఎక్కుతారు. రోడ్డు బాగుంటుంది, టీ దుకాణాలు ఉంటాయి, టైరు పోతే సాయం దొరుకుతుంది. మీరు ఆ సౌకర్యాలన్నీ వదులుకుని పల్లెల్లో తిరగడానికి గట్టి కారణం ఉండాలని నా అభిప్రాయం.

తీరపు_చక్రం
కారణం నదేనండీ. ఆ దారిలో వెళితే కొండ దాకా గోస్తనీ కంటపడదు. అరకు చేరడం మా ఉద్దేశం కాదు.

జామి_రైతుబిడ్డ
మా ఊరు గోస్తనీ ఒడ్డునే ఉంది కనుక కింది సగం గురించి నేను చెప్పగలను. భీమిలి వంతెన దగ్గర బయలుదేరి మొదట చిట్టివలస, తగరపువలస చేరండి. మూతబడిన జూట్ మిల్లు దాటాక జాతీయ రహదారి అడ్డం వస్తుంది. ఇక్కడ తొందరపడి వంతెన ఎక్కవద్దు. రహదారిని దాటి పద్మనాభం రోడ్డు పట్టుకోండి. అక్కడి నుంచి నది ఒకసారి దగ్గరకు వస్తుంది, ఒకసారి దూరమవుతుంది గాని దాని పొలాలు మాత్రం మిమ్మల్ని వదలవు. పద్మనాభం నుంచి భీమసింగి వైపు పల్లె రోడ్ల మీద వస్తే జామి చేరతారు. జామి నుంచి కోటకు వెళ్లకుండా కుడి చేతి వైపున్న ఊళ్ల మీదుగా తాటిపూడి జలాశయానికి వెళ్లండి. తాటిపూడి నుంచి బొడ్డవర దగ్గర మళ్లీ పెద్ద రోడ్డు ఎక్కక తప్పదు, ఎందుకంటే అక్కడితో లోయ ఇరుకై కొండ మొదలవుతుంది.

ఈ దారిలో మ్యాపు తెలుపని విషయం కాజ్‌వేలు. నది మీదా, అందులో కలిసే గెడ్డల మీదా నీటి మట్టానికి కొంచెం ఎత్తున వేసిన సిమెంటు పలకల దారులు ఉంటాయి. వానలు వెనకబట్టిన తర్వాత కూడా వాటి మీద నుంచి పలచగా నీరు పారుతూనే ఉంటుంది. బండి చక్రాలు నడిచే రెండు చాళ్లు శుభ్రంగా ఉంటాయి, వాటి మధ్య భాగమూ అంచులూ ఆకుపచ్చని పాచి పట్టి ఉంటాయి. నీరు చీలమండ లోతే ఉంది కదా అని సైకిలు మీద కూర్చునే దాటబోతే ముందు చక్రం జారి పక్కకు పోతుంది. దిగి, చాలులో నడుస్తూ, సైకిలును ప్రవాహం వచ్చే వైపు కాకుండా దిగువ వైపు ఉంచుకుని దాటాలి. నీటి తోపుకు సైకిలు మీ కాళ్ల మీద పడకుండా ఉండటానికే ఈ జాగ్రత్త.

లెక్కల_మాష్టారు
జామి వారు చెప్పిన దారే సరైనది. ఆ దారిలో పద్మనాభం దగ్గర కాసేపు ఆగమని నా మనవి. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యానికీ, విజయనగరం రాజు చిన విజయరామ గజపతిరాజుకూ యుద్ధం జరిగిన నేల అది. రాజు ఆ పోరులోనే మరణించాడు. కొండ మీద అనంత పద్మనాభస్వామి ఆలయం ఉంది. మెట్లు ఎక్కే ఓపిక ఉంటే పైనుంచి లోయ పరచుకున్న తీరు మొత్తం కనిపిస్తుంది. ఆ తర్వాత మీరు తొక్కబోయే నేల ఎటు వాలి ఉందో, నది ఎందుకు అన్ని వంపులు తిరుగుతుందో మ్యాపు అవసరం లేకుండానే అర్థమవుతుంది.

కేకే_లైను
మీరు ఎదురు దిక్కున వెళ్లడం ఎందుకని అడుగుతున్నాను. సైకిళ్లను కిరండోల్ రైలులో వేసి పైకి తీసుకెళ్లి, అక్కడి నుంచి నదితో పాటు కిందికి దిగివస్తే శ్రమ సగానికి సగం తగ్గుతుంది. కొత్తవలస–కిరండోల్ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. కొండ భాగంలో శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు స్టేషన్లు వరుసగా వస్తాయి. బొర్రా దాటాక శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద పోయేవారు చూడలేని లోయ ఈ కిటికీలోంచి కనిపిస్తుంది. నది కోసమే ప్రయాణం అనుకుంటే రైలుకు మించినది లేదు.

గేరు_లేదు
ఎక్కి దిగిన దానికీ, ఉత్తినే దిగిన దానికీ తేడా లేదా అండీ?

కేకే_లైను
తేడా ఉంది. కాని అందరి మోకాళ్లూ మీ మోకాళ్లు కావు. ఈ చర్చ చదివేవారిలో అరవై దాటినవారు కూడా ఉంటారు, వారికీ ఈ లోయ చూసే హక్కు ఉంది.

డాన్యూబ్_గట్టు
నేను గాజువాక వాడిని, ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా ఆస్ట్రియాలో డాన్యూబ్ నది ఒడ్డున ఉంటున్నాను. జర్మనీ సరిహద్దులోని పస్సావు నుంచి వియన్నా దాకా నది గట్టు మీదే సుమారు 300 కిలోమీటర్లకు పైగా సైకిలు దారి ఉంది. అట్లాంటిక్ తీరం నుంచి నల్ల సముద్రం వరకు ఐరోపా ఖండం మొత్తం దాటే ఆరవ నంబరు సైకిలు మార్గంలో అది ఒక భాగం. అక్కడ కూడా కేకే లైను వారు చెప్పిన పద్ధతినే అందరూ పాటిస్తారు. రైలులో ఎగువకు వెళ్లి, నదితో పాటు పడమర నుంచి తూర్పుకు దిగుతారు. దానికి నేల వాలు ఒక్కటే కారణం కాదు. గాలి కూడా ఎక్కువగా పడమర నుంచే వీస్తుంది. పస్సావు నుంచి వియన్నా మధ్య నేల వాలు చాలా స్వల్పం కనుక, తొక్కేవారికి వాలు కంటే గాలే ఎక్కువ తెలుస్తుంది.

అందుచేత గోస్తనీ విషయంలో కూడా ముందుగా గాలి సంగతి తేల్చుకోవాలి. మన తీరంలో పొద్దెక్కిన తర్వాత సముద్రం మీద నుంచి నేల వైపు గాలి మొదలై సాయంత్రం దాకా వీస్తుంది. భీమిలి నుంచి బొర్రా వాయవ్య దిశలో ఉంది కనుక ఆ గాలి ఎగువకు వెళ్లేవారికి వీపు మీద పడుతుంది, దిగువకు వచ్చేవారికి ముఖాన కొడుతుంది. తగరపువలస, పద్మనాభం వంటి తీరానికి దగ్గరి భాగంలో దీని ప్రభావం బాగా ఉంటుంది. తీరపు చక్రం గారు ఎంచుకున్న దిక్కు మైదానం వరకు అన్ని విధాలా సరైనది.

మరొక సంగతి. డాన్యూబ్ మీద కిలోమీటరు గుర్తులు నది పుట్టిన చోటు నుంచి మొదలు కావు. సముద్రంలో కలిసే చోటును సున్నాగా పెట్టుకుని ఎగువకు లెక్కిస్తారు. వియన్నా దగ్గర 1,900 పైచిలుకు, పస్సావు దగ్గర 2,200 పైచిలుకు అంకెలు ఒడ్డున కనిపిస్తాయి. మీరు కూడా భీమిలి సంగమాన్ని సున్నాగా పెట్టుకుని బయలుదేరుతున్నారు, ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

సీతమ్మధార_పెడల్
గాలి గురించి చెప్పినది నిజం. కాని డాన్యూబ్‌కూ గోస్తనీకీ పోలిక అక్కడితో ఆపాలి. అక్కడ మోటారు బండ్లకు సంబంధం లేని దారి ఉంది, ప్రతి మలుపులో గుర్తు బోర్డు ఉంది. ఇక్కడ బొడ్డవర దాటగానే బస్సులు, కార్లు, లారీలు తిరిగే ఘాట్ రోడ్డు మీద పడతారు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారి కూడా ఇదే. ఆదివారాల్లోనూ, సంక్రాంతి సెలవుల్లోనూ ఈ రోడ్డు మీద సైకిలుకు చోటు ఉండదు. మీరు వారం మధ్యలో, అదీ ఉదయాన్నే ఎక్కేటట్టు చూసుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు బాగా దిగుతుంది కనుక వెనుక ఎర్ర దీపం పగలు కూడా వెలుగుతూ ఉండాలి.

కొండ_కాలిబాట
ఘాట్ రోడ్డు ఇష్టం లేనివారికి ఒక సలహా. తాటిపూడి జలాశయం వెనుక నుంచి నది వెంటే లోయలోకి ప్రవేశించి, సైకిలును భుజాన వేసుకుని కటికి జలపాతం వైపు ఎక్కితే మొత్తం ప్రయాణం నది ఒడ్డునే పూర్తవుతుంది. సాహసం కోరుకునేవారికి అంతకు మించిన దారి ఉండదు.

అనంతగిరి_వాసి
కొండ కాలిబాట గారు చెప్పిన మార్గంలో ఎవరూ వెళ్లవద్దని ఇక్కడి మనిషిగా గట్టిగా కోరుతున్నాను. ఆ లోయలో నది బండల మధ్య నుంచి దుముకుతూ దిగుతుంది, దాని పక్కన సైకిలు మోసుకుపోయే దారి లేదు. పశువుల వెంట తిరిగే మా వాళ్లే కొన్ని చోట్ల దిగరు. కాలు విరిగితే ఫోను అందదు, డోలీ కట్టి మోసుకురావలసింది మా ఊరివాళ్లే. ఏ ఊరి పోడు మీదుగా, ఏ ఊరి నీటి ఊట పక్కగా వెళుతున్నారో తెలియకుండా అడవిలో పడి నడవడం మర్యాద కూడా కాదు. కటికి జలపాతం చూడాలంటే బొర్రా వైపు నుంచే రావాలి, ఆ చివరి దారి రాళ్లతో నిండి ఉంటుంది కనుక జీపులు నడిపే మా కుర్రాళ్లతో మాట్లాడుకుని వెళ్లండి, లేదా సైకిలు బొర్రాలో ఉంచి నడవండి.

లోయలో నది కనిపించని ఆ కొద్ది దూరాన్ని వదిలేయండి. నది పొడుగునా మనిషి పక్కనే ఉండి తీరాలనే నియమం ఏమీ లేదు కదా.

జామి_రైతుబిడ్డ
అనంతగిరి వాసి గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

కొండ_కాలిబాట
నది వెంట పూర్తిగా వెళ్లాలన్న వారి కోరిక నెరవేరాలనే నేను చెప్పాను. మరి డోలీ మోసే పరిస్థితి రాకుండా ఊరివాళ్లనే తోడు తీసుకుని, సైకిళ్లు లేకుండా వెళ్లవచ్చా?

అనంతగిరి_వాసి
సైకిళ్లు లేకుండా, ఊరి పెద్దలను అడిగి, ఎండాకాలం ముందు వెళ్లాలనుకుంటే అది వేరే ప్రయాణం. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ చెబుతాను.

గేరు_లేదు
నాది తాతగారి నాటి 22 అంగుళాల నల్ల సైకిలు. దాని మీద బొడ్డవర దాకా హాయిగా తొక్కుకుని, ఘాట్‌లో చాలా భాగం నడిపించుకుంటూ ఎక్కాను. నడవడం తప్పు కాదని కొత్తవారు తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. నడిచే మనిషికి నీడ ఎక్కడుందో, ఊట ఎక్కడుందో, పక్షి ఎక్కడ అరుస్తుందో అన్నీ తెలుస్తాయి. పనసకాయల కాలంలో అయితే వాసన కూడా తెలుస్తుంది.

సీతమ్మధార_పెడల్
ఎక్కడం గురించి భయం అక్కరలేదు, గేరు సైకిలు అయినా కాకపోయినా ఓపిక ఉంటే ఎక్కవచ్చు. నా భయమంతా దిగడం గురించే. ఎదురు దిక్కున వెళ్లినవారు కూడా చివరికి ఇంటికి రావాలి కదా. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే, రబ్బరు ముక్కలు రిమ్మును పట్టే సైకిళ్లలో రిమ్ము చేయి పెట్టలేనంతగా వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి గాలి వ్యాకోచించి ట్యూబు పేలుతుంది, అది సరిగ్గా మలుపులో జరిగితే ఫలితం చెప్పనక్కరలేదు. ముందు బ్రేకు కాసేపు, వెనుక బ్రేకు కాసేపు మార్చి మార్చి పట్టి వదలాలి. మలుపులోకి వెళ్లక ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో ఉండగా గట్టిగా పట్టకూడదు. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగి చక్రాలను చల్లారనివ్వాలి. ఆ వేడి మీద నీళ్లు మాత్రం పోయకండి. బ్రేకు ముక్కలు సగానికి పైగా అరిగి ఉంటే బయలుదేరక ముందే మార్పించండి, ఒక జత అదనంగా దగ్గర ఉంచుకోండి, అవి కొండ మీద దొరకవు.

ఒకప్పుడు నగరంలోని ఒక దుకాణంలో సర్వీసింగ్ చేయించుకుని వెళ్లిన నా స్నేహితుడి వెనుక బ్రేకు తీగ అనంతగిరి దిగువన తెగిపోయింది. బిగించే స్క్రూ తీగను సగం కోసి ఉంది. మెకానిక్ చేశాడని వదిలేయకుండా తీగ చివరలు వేలితో తడిమి చూసుకోండి.

తీరపు_చక్రం
మా తమ్ముడి సైకిలు డిస్కు బ్రేకులది, నాది రిమ్ము బ్రేకులది. దిగేటప్పుడు నేను రైలు ఎక్కి, వాడు తొక్కుకుంటూ దిగే ఆలోచన కూడా ఉంది. సైకిలును రైలులో వేయడం ఎలాగో కేకే లైను వారు చెప్పగలరా? బొర్రా స్టేషన్‌లోనే ఎక్కించవచ్చా?

కేకే_లైను
మనం కూర్చునే పెట్టెలోనే సైకిలును నిలబెట్టుకుని తీసుకుపోయే పద్ధతి కాదు. సైకిలును లగేజీగా బుక్ చేస్తే బ్రేకు వ్యానులో వేస్తారు, రసీదు ఇస్తారు, సైకిలుకు చీటీ కడతారు. బొర్రా చిన్న స్టేషను, రైలు అక్కడ ఆగేది కొద్దిసేపే. వ్యాను ప్లాట్‌ఫారానికి ఏ చివర ఆగుతుందో చూసుకుని పరుగెత్తేలోపే బండి కదిలిపోవచ్చు. అందుకని సైకిలు బుక్ చేయదలచినవారు ముందురోజే స్టేషనుకు వెళ్లి అక్కడ లగేజీ తీసుకుంటారో లేదో అడగాలి, వీలు కాదంటే అరకు వెళ్లి అక్కడి నుంచి వేయాలి. పెడళ్లు విప్పి లోపలి వైపు తిప్పుకోండి, హ్యాండిలును సైకిలుకు సమాంతరంగా తిప్పి తాడుతో కట్టండి, దీపాలూ నీళ్ల సీసాలూ తీసి సంచిలో వేసుకోండి. చైను వైపు ఒక గోనె గుడ్డ చుడితే పక్కన పెట్టే అల్లం, పిప్పలి బస్తాలకు నూనె అంటదు, మోసేవారూ సంతోషిస్తారు.

ఎంవీపీ_నర్సు
ఒక ఆరోగ్య విషయం చేర్చాలి. శీతాకాలమైనా జామి, తాటిపూడి మధ్య పదకొండు దాటాక ఎండ తీవ్రంగానే ఉంటుంది, తీరంలో గాలి తేమ వల్ల చెమట ఆరదు. దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. ఒట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు, తల తిరగడం, పిక్కలు పట్టేయడం మొదలవుతాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచిలో పెట్టుకోండి, లేదా పల్లెల్లో అడిగితే ఉప్పు వేసిన మజ్జిగ ఎవరైనా ఇస్తారు. పంక్చర్ సామాను మరచిపోనివారు కూడా వీటిని మరచిపోతుంటారు. ఒకరు మాట్లాడటం తగ్గించి, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతుంటే వెంటనే నీడకు చేర్చి ఆ రోజుకు ప్రయాణం ఆపేయాలి.

లెక్కల_మాష్టారు
తాటిపూడి గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. గోస్తనీ మీద 1963–68 మధ్య ఈ జలాశయం కట్టారు. చుట్టుపక్కల పొలాలకు నీరు ఇవ్వడంతో పాటు విశాఖ నగరానికి తాగునీరు అందించే వనరులలో ఇది ఒకటి. మన ఇళ్లలో కుళాయి తిప్పితే వచ్చే నీటిలో ఈ లోయ నీరు కూడా ఉందన్నమాట. నగరం నుంచి వచ్చేవారు గట్టు మీద కూర్చుని తిని, ప్లాస్టిక్ పళ్లాలు అక్కడే వదిలి పోవడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. సైకిలు మీద వచ్చేవారిని ఆ పని చేయవద్దని చెప్పవలసిన అవసరం ఉండదని నమ్ముతున్నాను.

ఇక చివరి మజిలీ సంగతి. బొర్రా గుహలు సున్నపురాతిలో ఏర్పడినవి. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని స్వల్పంగా ఆమ్ల గుణం పొందుతుంది. ఆ నీరు పగుళ్లలోకి దిగి సున్నపురాయిని నెమ్మదిగా కరిగిస్తుంది. గుహలో పైకప్పు నుంచి బొట్టు వేలాడినప్పుడు అందులోని వాయువు బయటికి పోయి, కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. పైనుంచి వేలాడేవీ, కింది నుంచి లేచేవీ అలా పెరిగినవే. మీరు లోపలికి వెళ్లినప్పుడు దీపాలు వేసిన ఆకారాల కంటే, ఏదైనా ఒక మొన దగ్గర నిలబడి దాని చివరన ఉన్న నీటిబొట్టును చూడండి. దానికీ మీరు భీమిలి దగ్గర చూసిన నదికీ ఉన్న సంబంధం అక్కడ తెలుస్తుంది. ఇంకొక విషయం, ఆ రైలు పట్టాలు గుహల మీదుగానే పోతాయి, రైలు వెళ్లేటప్పుడు లోపల ఉంటే ఆ మోత వినిపిస్తుంది.

డాన్యూబ్_గట్టు
మాష్టారు చెప్పిన తర్వాత నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆస్ట్రియాలో ఆ దారికి ఆర్1 అని సంఖ్య రాసిన చిన్న ఆకుపచ్చ బోర్డులు ఉంటాయి. అంతకు మించి ఆడంబరం లేదు. చాలా చోట్ల అది పొలాలకు వెళ్లే మామూలు గట్టు దారే. వంతెన లేని చోట సైకిలుతో సహా దాటించే చిన్న పడవలు ఉంటాయి, వాటిని నడిపేది ఆ పల్లెవాళ్లే. గోస్తనీకి కూడా కొత్త రోడ్డు అవసరం లేదు. విశాఖపట్నం, విజయనగరం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు మూడింటిలో ఉన్న పల్లె దారులకే కూడలి కూడలికీ ఒక బాణం గుర్తు పెడితే చాలు.

సీతమ్మధార_పెడల్
గుర్తులు పెడితే కార్లు కూడా అటే వస్తాయి. ఈ దారి ఇంతకాలం ప్రశాంతంగా ఉండటానికి ఎవరికీ తెలియకపోవడమే కారణం. భీమిలి వెళ్లే తీరపు దారిలోని ఎర్రమట్టి దిబ్బల సంగతి చూడండి. భూవారసత్వ సంపదగా గుర్తించిన చోట కూడా దిబ్బల మీద బండ్లు తోలి చాళ్లు పెట్టినవారు ఉన్నారు. భీమిలి వెళ్లే సైకిలువారు కూడా దయచేసి దిబ్బల లోపలికి సైకిలు తీసుకెళ్లవద్దు.

జామి_రైతుబిడ్డ
దిబ్బల విషయంలో మీరు చెప్పింది సబబే గాని, దారి దాచిపెట్టాలనే మాటకు నేను ఒప్పుకోను. మా ఊళ్లకు ఎవరూ రాకపోవడం వల్ల నది బాగుపడలేదు. ఇసుక కోసం రాత్రిళ్లు ట్రాక్టర్లు దిగుతూనే ఉన్నాయి, ఒకప్పుడు ఈత నేర్చుకున్న మడుగులు ఇప్పుడు గుంతలై కొన్ని చోట్ల నిలువు లోతు ఉంటున్నాయి. పగటి పూట నది వెంట నలుగురు మంచి మనుషులు తిరుగుతుంటే, ఫొటోలు తీసి అడుగుతుంటే, అది నదికి మేలే చేస్తుంది. కారు వచ్చే దారిలో కాజ్‌వే ఎలాగూ ఉంది, కారువాళ్లు దాన్ని చూసి వెనక్కి తిరుగుతారు. నీళ్లలోకి స్నానానికి దిగేవారు మాత్రం ముందు ఒడ్డున ఉన్నవారిని అడిగి దిగండి, ఆ గుంతలు పైకి కనపడవు.

అనంతగిరి_వాసి
నేనూ జామి వారి వైపే. మా దగ్గర దిగి ఒక రాత్రి ఉండేవారు, కాఫీ గింజలు ఎవరి తోటవో అడిగి కొనేవారు మాకు కావాలి. ఒక గంటలో ఫొటోలు తీసుకుని వెళ్లేవారితో మాకు చెత్త తప్ప మిగిలేది లేదు. తీరపు చక్రం గారూ, బొర్రా విషయంలో ఒక లెక్క ముందే వేసుకోండి. గుహలు సుమారు 705 మీటర్ల ఎత్తున ఉన్నాయి, ఘాట్ రోడ్డు దానికంటే పైకి వెళుతుంది. అంటే మీరు ఎక్కిన ఎత్తులో కొంత చివరన మళ్లీ దిగి బొర్రా చేరాలి, తిరిగి వచ్చేటప్పుడు ఉదయాన్నే ఆ ఎక్కుడు మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. రాత్రికి అనంతగిరిలో పర్యాటక శాఖవారి అతిథి గృహంలో దిగి, సామాను అక్కడ పెట్టి, మర్నాడు ఖాళీ సైకిళ్లతో బొర్రా వెళ్లి రావడం సుఖం.

గేరు_లేదు
ఖాళీ సైకిలు అన్న మాట బంగారం. నేను బియ్యం బస్తా అంత సామానుతో ఎక్కాను.

తీరపు_చక్రం
అందరి సలహాలూ కాగితం మీద రాసుకున్నాము. మొదటి రోజు భీమిలి, తగరపువలస, పద్మనాభం, భీమసింగి, జామి, తాటిపూడి చూసుకుని రాత్రికి శృంగవరపుకోట వెళ్లి పడుకుంటాము. మర్నాడు తెల్లవారకముందే బొడ్డవర చేరి ఘాట్ ఎక్కి అనంతగిరిలో ఆగుతాము. మూడో రోజు బొర్రా. లోయలోకి దిగే ఆలోచన పూర్తిగా మానుకున్నాము. రిమ్ము బ్రేకుల సైకిలు అరకు నుంచి రైలులో వస్తుంది. మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఈసారి వానలు ఆలస్యంగా వెళుతున్నాయి, కాజ్‌వేల మీద నీరు తగ్గిందో లేదో బయలుదేరే ముందు ఎలా తెలుసుకోవాలి?

జామి_రైతుబిడ్డ
తాటిపూడి గేట్లు ఎత్తితే దిగువన ఉన్న మాకు దండోరా వేయిస్తారు, ఆ వార్త స్థానిక పేపరులో విజయనగరం పేజీలో కూడా వస్తుంది. గేట్లు మూసి, పైన వరుసగా నాలుగు రోజులు వాన లేకపోతే మా కాజ్‌వే మీద సిమెంటు పలక బయటపడుతుంది. మీరు తేదీ అనుకున్నాక ఇక్కడే రాయండి. ముందురోజు సాయంత్రం పొలం నుంచి వచ్చేటప్పుడు వెళ్లి చూసి, నీరు ఎంత ఉందో ఫొటోతో సహా పెడతాను.

ఎంవీపీ_నర్సు
మీతో పాటు జామి వరకు మేమిద్దరం కూడా రావచ్చా? మాకు ఘాట్ ఎక్కే సెలవు లేదు గాని, మొదటి రోజు సగం దారి తోడు వచ్చి వెనక్కి తిరుగుతాము.

తీరపు_చక్రం
తప్పకుండా రండి. భీమిలి వంతెన దగ్గర ఉదయం ఐదున్నరకు కలుద్దాము, తేదీ మాత్రం జామి వారి ఫొటో వచ్చాకే ఖాయం చేద్దాము.